పాత బుల్లెట్ 350కి ట్యాపెట్లు, పాయింట్లు, టైమింగ్ ఇంట్లోనే సెట్ చేసుకోవడం ఎలా?

పాత బుల్లెట్ కొన్నవాళ్ళు తిప్పి తిప్పి అడిగేవి మూడే. కిక్కు వెనక్కి ఎందుకు తంతోంది? పొద్దున స్టార్టయిన బండి వేడెక్కాక ఎందుకు మొరాయిస్తోంది? పికప్ ఎందుకు చచ్చింది? అడిగేలోపే చాలామంది కార్బురేటర్ స్క్రూలన్నీ తిప్పేసి ఉంటారు. అక్కడే పని రెట్టింపవుతుంది. ఈ ఇంజిన్‌లో తప్పు ఎక్కువసార్లు పాయింట్ల దగ్గరో (స్పార్క్ కోసం కరెంటుని తెంచే చిన్న స్విచ్చు) ట్యాపెట్ల దగ్గరో (వాల్వులని తెరిచే రాడ్ల కింద ఉండే భాగాలు) ఉంటుంది. కార్బురేటర్‌ని ముట్టుకోవడం అన్నిటికంటే ఆఖరి పని. కింద చెప్పిన వరస మార్చకండి. ముందు ట్యాపెట్లు, తర్వాత పాయింట్ల గ్యాప్, ఆ తర్వాత టైమింగ్ (స్పార్క్ ఏ క్షణంలో పడాలన్నది), చివర్లో కార్బురేటర్.

ఇది ఏ బండికి?

కాస్ట్ ఐరన్ సిలిండర్ ఉండి, పాయింట్లతో నడిచే 350కి. ఇంగ్లండులోని రెడిచ్‌లో 1949లో అమ్మకానికి వచ్చిన డిజైన్ ఇది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక తిరువొత్తియూర్‌లో తయారైంది. రెడిచ్ కంపెనీ మూతపడ్డాక కూడా ఇక్కడ దశాబ్దాలపాటు దాదాపు అదే ఇంజిన్‌తో బండ్లు వచ్చాయి. అందుకే పాత ఇంగ్లండు మాన్యువల్‌లోని ముఖ్యమైన కొలతలు మన ఊళ్ళో తిరిగే బండికీ చాలావరకు సరిపోతాయి.

మీ బండి అదేనా అని తేల్చుకోవడం తేలిక. కుడివైపు సిలిండర్ అడుగున ఒకే నట్టుతో బిగించిన చిన్న మూత ఉందా? సిలిండర్ వెనకాల, లోపల పాయింట్లుండే గిన్నెలాంటి డిస్ట్రిబ్యూటర్ ఉందా? రెండూ ఉంటే చదవండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న మోడల్ అయితే పాయింట్ల భాగం మీకు పనికిరాదు. 2008 తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్ అయితే ఇదంతా అక్కర్లేదు. అందులో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, ట్యాపెట్ సెట్టింగే ఉండదు.

ముందు రాసిపెట్టుకోవాల్సిన అంకెలు

- బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., మొత్తం 346 సీసీ
- పవర్ 18 బీహెచ్‌పీ, 5,625 ఆర్‌పీఎం దగ్గర
- పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ.
- ప్లగ్ గ్యాప్ 0.45 నుంచి 0.55 మి.మీ.
- టైమింగ్: పిస్టన్ టాప్‌కి చేరడానికి 0.4 నుంచి 0.8 మి.మీ. ముందు పాయింట్లు తెరుచుకోవాలి (ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపే ఆటో అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు)
- ట్యాపెట్ గ్యాప్: సున్నా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు
- టైర్లు రెండూ 3.25 – 19

పవర్, టైర్ల సంగతి ఈ పనికి అక్కర్లేదు. అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు కాబట్టి రాశాను. మీకు కావాల్సినవి మధ్యలో ఉన్న నాలుగు.

కావాల్సిన సామాను

- ఫీలర్ గేజ్ (సందు కొలిచే రకరకాల మందాల రేకుల కట్ట). ఇది లేకుండా మొదలుపెట్టొద్దు. బ్లేడుతో కొలిచే అలవాటు ఉంటే మానుకోండి, బ్లేడు మందం కంపెనీకో రకంగా ఉంటుంది.
- ట్యాపెట్లకి సన్నటి స్పానర్లు. పాత బండికి చాలా చోట్ల మిల్లీమీటర్ స్పానర్ సరిగ్గా కూర్చోదు, వైట్‌వర్త్ (పాత ఇంగ్లండు కొలత) సైజువి కావాలి. ‘దాదాపు’ సరిపోయే స్పానర్‌తో తిప్పితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. బలంగా లాగినప్పుడు కాదు, చివర్లో జారినప్పుడు వేళ్ళు పోతాయి.
- ప్లగ్ స్పానర్, చిన్న స్క్రూడ్రైవర్, ఒక మంచి టార్చి
- పాత సైకిల్ స్పోకు ఒకటి, బట్టల క్లిప్పు ఒకటి (ఎందుకో కింద చెప్తాను)
- శుభ్రమైన గుడ్డ, కాస్త పెట్రోలు, ఒక విజిటింగ్ కార్డు

బండి కనీసం రాత్రంతా ఆగి ఉండాలి. పొద్దున్నే, ఇంజిన్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. పెట్రోలు గుడ్డ దగ్గర సిగరెట్ వద్దని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

స్టెప్ 1: పిస్టన్‌ని టాప్‌కి తేవడం

సెంటర్ స్టాండ్ వేయండి. తాళం ఆఫ్. ప్లగ్గు విప్పేయండి. ఇప్పుడు టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది. కిక్కర్‌తో తిప్పితే ఆపాల్సిన చోట ఆగదు, చక్రమే నయం.

పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకటి కంప్రెషన్‌లో, ఇంకోటి ఎగ్జాస్ట్‌లో. మనకి కావాల్సింది కంప్రెషన్ టాప్. ప్లగ్ హోల్ మీద బొటనవేలు గట్టిగా ఆనించి చక్రం తిప్పండి. గాలి వేలిని తోస్తున్నట్టు తగిలితే అదే. డీకంప్రెసర్ (సిలిండర్‌లోని గాలిని బయటికి వదిలే చిన్న వాల్వు) లీవర్ నొక్కి ఉంచకండి, నొక్కితే గాలి అటు పోతుంది, మీకేమీ తెలీదు.

గాలి తోస్తున్నా మెత్తగా, ‘చుస్సు’మంటూ పోతోందా? డీకంప్రెసర్ కేబుల్‌లో ఆట ఉందో లేదో చూడండి. కేబుల్ బిగుతుగా ఉండి ఆ వాల్వు సగం తెరుచుకుని ఉన్న బండ్లు చాలానే తిరుగుతుంటాయి. లీవర్ దగ్గర కొంచెం వదులు ఉండి తీరాలి.

స్టెప్ 2: ట్యాపెట్లు

కుడివైపు మూత విప్పండి. లోపల రెండు పుష్‌రాడ్ల (వాల్వులని తెరిచే రాడ్లు) అడుగుభాగాలు కనిపిస్తాయి. ఒక్కోదానికి మూడు షట్కోణాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మధ్యది లాక్ నట్.

1. పిస్టన్ కంప్రెషన్ టాప్‌లో ఉండగా పుష్‌రాడ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని గుండ్రంగా తిప్పి చూడండి. హాయిగా తిరగాలి. అదే రాడ్‌ని పైకీ కిందికీ కదిపితే ఆట ఉండకూడదు. ఇదే సున్నా గ్యాప్. ఫీలర్ గేజ్ ఇక్కడ అక్కర్లేదు.
2. తిరగకపోతే బిగుతు. పైకీ కిందికీ టకటకలాడితే వదులు. లాక్ నట్ వదిలించి, ఒక షట్కోణాన్ని పట్టుకుని రెండోదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేయండి.
3. లాక్ నట్ బిగించండి. బిగించాక మళ్ళీ వేళ్ళతో చూడండి. లాక్ నట్ బిగుస్తున్నప్పుడు సెట్టింగ్ కూడా కాస్త బిగుస్తుంది. ఎక్కువమంది మర్చిపోయేది ఈ రెండో చూపే.
4. రెండో పుష్‌రాడ్‌కీ అంతే.
5. చక్రాన్ని రెండు మూడుసార్లు పూర్తిగా తిప్పి, మళ్ళీ కంప్రెషన్ టాప్‌కి తెచ్చి రెండూ ఇంకోసారి చూడండి.

ట్యాపెట్ శబ్దం వస్తోందని బిగించేయకండి. ఈ ఇంజిన్ కొంచెం శబ్దం చేస్తుంది, చెయ్యనివ్వండి. బిగుతు ట్యాపెట్ మౌనంగా ఉంటుంది గానీ, ఇంజిన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది, చివరికి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. కొంచెం బిగుతా కొంచెం వదులా అని తేల్చుకోలేకపోతే వదులు వైపే ఉండండి.

మూత నట్టుని ఎంత బలముంటే అంత బిగించకండి. పల్చటి మూత వంగిపోయి ఆయిల్ కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు, ఇంకా కారుతుంది.

స్టెప్ 3: పాయింట్ల గ్యాప్

డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. ముందు పాయింట్ల ముఖాలు చూడండి. బూడిదరంగులో సాఫీగా ఉంటే మంచిదే. ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమలా లేచి ఉంటే, లేదా నీలంగా మాడి ఉంటే కండెన్సర్‌ని (పాయింట్ల మీద నిప్పురవ్వలు రాకుండా ఆపే చిన్న డబ్బా) అనుమానించండి. అలాంటి పాయింట్లని రుద్ది నిలబెట్టే ప్రయత్నం వద్దు. పాయింట్ సెట్టు, కండెన్సర్ రెండూ కలిపి మార్చేయండి.

కొద్దిగా మురికి పట్టి ఉంటే పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, తర్వాత విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి లాగండి. కార్డు శుభ్రంగా బయటికి వచ్చేదాకా లాగండి. ఎమరీ కాగితంతో రుద్దితే ఆ ఇసుక రేణువులు అక్కడే ఇరుక్కుని ఇంకో తలనొప్పి తెస్తాయి.

ఇప్పుడు చక్రం తిప్పుతూ పాయింట్లు అన్నిటికంటే ఎక్కువ తెరుచుకునే చోట ఆపండి. గ్యాప్ కొలవాల్సింది అక్కడ మాత్రమే. 0.35 రేకు సులువుగా వెళ్ళి, 0.40 రేకు కొంచెం పట్టుకుంటూ వెళ్ళాలి. లేకపోతే ఫిక్స్‌డ్ పాయింట్ స్క్రూ వదిలించి సరిచేసి, బిగించి, మళ్ళీ కొలవండి. స్క్రూ బిగిస్తుంటే గ్యాప్ జరుగుతుంది. ఫీలర్ గేజ్‌కి ఆయిల్ ఉంటే అది పాయింట్లకి అంటుకుంటుంది, ముందే తుడవండి.

పాయింట్లని తెరిచే క్యామ్ మీద బియ్యపు గింజంత గ్రీజు చాలు. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది.

పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, తగ్గితే ఆలస్యంగా. అందుకే టైమింగ్ సెట్ చేసేశాక ‘ఒకసారి గ్యాప్ కూడా చూద్దాం’ అంటే మొదటికొచ్చినట్టే.

స్టెప్ 4: ఆటో అడ్వాన్స్ పరీక్ష

దీన్ని దాదాపు ఎవరూ చూడరు. క్యామ్‌ని వేళ్ళతో పట్టుకుని, అది తిరిగే వైపుకి కొంచెం తిప్పి వదలండి. స్ప్రింగు లాగి టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వచ్చినా, రాకుండా ఉండిపోయినా లోపలి బరువులు జామ్ అయినట్టు. శుభ్రం చేసి ఒక చుక్క ఆయిల్ వేయాలి. స్ప్రింగు సాగిపోయి ఉంటే మార్చాలి.

అడ్వాన్స్‌లో ఇరుక్కుపోతే మీరు టైమింగ్ ఎంత బాగా పెట్టినా కిక్కు వెనక్కి తంతుంది. వెనక్కి ఇరుక్కుపోతే బండి స్టార్టవుతుంది గానీ లాగదు, ఇంజిన్ కాగిపోతుంది.

స్టెప్ 5: టైమింగ్

అసలు పని ఇదే, తొందరపడొద్దు.

టాప్‌కి 0.8 మి.మీ. ముందు అంటే క్రాంక్ లెక్కలో సుమారు తొమ్మిది, పది డిగ్రీలు. టాప్ గేర్‌లో వెనక టైరు అంచు దగ్గర చూస్తే అది దాదాపు ఒక సెంటీమీటర్ కదలిక. చక్రాన్ని ఎంత మెల్లగా తిప్పాలో దీన్నిబట్టి ఊహించుకోండి.

0.8 కొలవడం:

1. సైకిల్ స్పోకు మరల ఉన్న కొసని నునుపుగా రాకి, ఆ కొస లోపలికి ఉండేలా ప్లగ్ హోల్‌లోంచి పిస్టన్ మీద ఆనించండి. వంకీ ఉన్న కొస బయటే ఉంటుంది కాబట్టి లోపల పడిపోయే భయం లేదు.
2. చక్రాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపుతూ స్పోకు అన్నిటికంటే పైకి వచ్చే చోట ఆపండి. అదే టాప్. అక్కడ మళ్ళీ ఒకసారి పుష్‌రాడ్లు రెండూ వేళ్ళకి తిరుగుతున్నాయో లేదో చూసి కంప్రెషన్ టాపే అని ఖాయం చేసుకోండి.
3. ప్లగ్ హోల్ అంచు మీద 0.8 మందం వచ్చేలా ఫీలర్ రేకులు పెట్టి, వాటి మీద ఆనేలా బట్టల క్లిప్పుని స్పోకుకి పెట్టండి. రేకులు తీసేయండి. క్లిప్పుకీ అంచుకీ మధ్య సరిగ్గా 0.8 సందు మిగులుతుంది.
4. చక్రాన్ని వెనక్కి తిప్పితే పిస్టన్ దిగుతుంది, స్పోకు దిగుతుంది. క్లిప్పు వచ్చి అంచుకి తగిలిన క్షణం పిస్టన్ టాప్‌కి 0.8 కింద ఉన్నట్టు.

ప్లగ్ హోల్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఈ కొలత గీత గీసినట్టు ఖచ్చితం కాదు. స్పోకుని ప్రతిసారీ ఒకే వాలులో పట్టుకోండి. మనకి 0.4 నుంచి 0.8 దాకా వెసులుబాటు ఉంది, ఈ పద్ధతి దానికి చాలు. స్పోకు లోపల ఉండగా కిక్కు మాత్రం కొట్టొద్దు.

పాయింట్లు తెరుచుకునే క్షణం పట్టుకోవడం:

ఇక్కడ పాత బుల్లెట్ మనకి ఒక పరికరం ముందే ఇచ్చింది. హెడ్‌లైట్ పైనున్న ఆంప్ మీటర్. లైట్లన్నీ ఆఫ్ చేసి తాళం ఆన్ చేయండి. పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు మైనస్ వైపు వాలుతుంది. తెరుచుకోగానే మధ్యకి దూకుతుంది. ఆ దూకే క్షణమే స్పార్క్ పడే క్షణం.

1. చక్రాన్ని వెనక్కి బాగా తిప్పి, మళ్ళీ ముందుకి మెల్లగా తెండి. ఎప్పుడూ ముందుకి వస్తూనే గుర్తు దగ్గర ఆపాలి. గొలుసుల్లో, గేర్లలో ఉండే ఆట వల్ల వెనక్కి తిప్పుతూ ఆపితే లెక్క తప్పుతుంది.
2. క్లిప్పుకీ అంచుకీ మధ్య సందు తెరుచుకోబోతున్న క్షణంలో, అంటే 0.8 దగ్గర, ఆపండి.
3. పాయింట్ల ప్లేటుని పట్టుకునే రెండు పిల్లర్ బోల్టులు కాస్త వదిలించి, ప్లేటుని అటూఇటూ కొంచెం తిప్పండి. ముల్లు మైనస్‌లోంచి మధ్యకి దూకిన చోట ఆపి బోల్టులు బిగించండి.
4. తాళం ఆఫ్ చేయండి. చక్రాన్ని వెనక్కి తిప్పి, మొత్తం పరీక్ష మళ్ళీ చేయండి. ముల్లు గుర్తు దగ్గరే దూకితే అయిపోయింది. ముందే దూకితే అడ్వాన్స్ ఎక్కువ. గుర్తు దాటాక దూకినప్పుడు, పిస్టన్ టాప్‌కి చేరడానికి ఇంకా 0.4 మి.మీ. కంటే తక్కువే మిగిలి ఉంటే ఆలస్యమైనట్టు.

పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్‌లో పెట్టి ఫోన్ మాట్లాడటానికి పోకండి. కాయిల్ కాలుతుంది, బ్యాటరీ దిగుతుంది.

ఆంప్ మీటర్ చచ్చిపోయిందా? చాలా బండ్లలో చచ్చే ఉంటుంది. రెండు దారులున్నాయి. చిన్న బల్బు ఒక తీగ పాయింట్ల టెర్మినల్‌కి, ఇంకో తీగ ఇంజిన్ బాడీకి పెట్టండి. పాయింట్లు మూసుకుంటే బల్బు ఆరిపోతుంది, తెరుచుకోగానే వెలుగుతుంది. బండి 6 వోల్టులదా 12 వోల్టులదా చూసుకుని బల్బు తెచ్చుకోండి, పాతవన్నీ 6 వోల్టులే. అదీ లేకపోతే ఉల్లిపొర కాగితం ముక్కని పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ చక్రం తిప్పండి. కాగితం వదులై జారిన క్షణమే తెరుచుకున్న క్షణం. ముక్క చిరిగి లోపల ఉండిపోకుండా చూసుకోండి.

ముల్లు అసలు కంప్రెషన్ టాప్ దగ్గర కదలకుండా ఎగ్జాస్ట్ టాప్ దగ్గరే దూకుతోందంటే ఎవరో డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి తప్పుగా పెట్టారన్నమాట. ప్లేటు తిప్పితే అది సరికాదు. దాన్ని తెలిసిన మెకానిక్‌కి వదిలేయండి.

స్టెప్ 6: స్టార్ట్ చేసి కార్బురేటర్

ప్లగ్ గ్యాప్ చూసి పెట్టేయండి. న్యూట్రల్. తాళం ఆన్. కిక్కర్‌ని మెల్లగా నొక్కుతూ ముల్లు మధ్యకి వచ్చేదాకా తెండి. డీకంప్రెసర్ నొక్కి కిక్కర్‌ని ఇంకాస్త దించి పిస్టన్‌ని టాప్ దాటించండి. లీవర్ వదలండి. కిక్కర్‌ని పైకి రానిచ్చి, ఇప్పుడు పూర్తిగా ఒక్క కిక్కు. సగం కిక్కులే కాళ్ళు విరగ్గొట్టేది. బలం కంటే కిందిదాకా దించడం ముఖ్యం.

బండి బాగా వేడెక్కాక, మిక్‌కార్బ్ రకం కార్బురేటర్ ఉంటే, ఏర్ స్క్రూని మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు బయటికి తెచ్చి మొదలుపెట్టండి. లోపలికి తిప్పితే పెట్రోలు ఎక్కువ, బయటికి తిప్పితే గాలి ఎక్కువ. ఇంజిన్ వేగం పెరిగి నిలకడగా వినిపించే చోట ఆపి, స్లో స్పీడ్ స్క్రూతో తగ్గించండి. ‘ధుబ్... ధుబ్...’ అని లెక్కపెట్టేంత మెల్లగా పెట్టాలని కుర్రాళ్ళకి సరదా. అంత మెల్లగా తిరిగితే ఆయిల్ పంపు కూడా అంతే మెల్లగా తిరుగుతుంది. వద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

రోడ్డు మీదికి తీసుకెళ్ళండి. వేరే బండి అలవాటున్న మిత్రుడికి ఇస్తే గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, మొదటి గేరు పైకి అని ముందే చెప్పండి.

- మూడో గేర్లో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్‌లోంచి గోళీలు కలిపినట్టు ‘టింగ్ టింగ్’ శబ్దం వస్తోందా? కిక్కు వెనక్కి తంతోందా? అడ్వాన్స్ ఎక్కువైంది. ప్లేటుని వెంట్రుకవాసి వెనక్కి జరపండి.
- లాగడం లేదు, కొద్దిదూరానికే వేడి కాళ్ళకి కొడుతోంది, ఎగ్జాస్ట్ పైపు హెడ్ దగ్గర నీలంగా మారుతోంది అంటే ఆలస్యం. కొంచెం ముందుకి జరపండి. అయినా మారకపోతే స్టెప్ 4కి వెళ్ళి ఆటో అడ్వాన్స్ చూడండి.
- చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మిస్సింగ్ మొదలై ఆగిపోతే, చల్లారాక మళ్ళీ మామూలుగా స్టార్టయితే ముందు కండెన్సర్ మార్చి చూడండి. తర్వాత కాయిల్.
- వేడెక్కాక కంప్రెషన్ మెత్తబడితే ట్యాపెట్ బిగుతు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడండి.
- నాలుగైదు కిలోమీటర్లు తిప్పాక ప్లగ్గు తీసి చూడండి. లేత కాఫీ రంగు ఉంటే సరి. నల్లగా మసిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ లేదా టైమింగ్ తేడా.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. టైమింగ్, ఏర్ స్క్రూ రెండూ కలిపి మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలీదు.

కొత్త పాయింట్ సెట్టు వేస్తే దాని ఫైబర్ హీల్ (క్యామ్‌కి రాసుకునే ముక్క) మొదట్లో త్వరగా అరుగుతుంది. గ్యాప్ తగ్గి టైమింగ్ ఆలస్యమవుతుంది. అందుకే రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక స్టెప్ 3, స్టెప్ 5 మళ్ళీ చేయాలి. దూరం వెళ్ళేటప్పుడు టూల్ బాక్సులో సెట్ చేసి ఉన్న పాత పాయింట్లు, ఒక కొత్త కండెన్సర్, ఫీలర్ గేజ్ పెట్టుకోండి. ఆ మూడూ ఉంటే హైవే పక్కన చెట్టు కింద కూడా బండి లేపుకోవచ్చు.